కిడ్నీ ఇచ్చేది నేను, మందు తమ్ముడి కోసం. ఒప్పుకోవచ్చా?

పెద్దక్క:
మా తమ్ముడికి కిడ్నీ ఇస్తున్నాను. పరీక్షలన్నీ అయ్యాయి, ఎడమది తీస్తారట. నిన్న మత్తు డాక్టరుగారు, ఆపరేషన్ మధ్యలో సెలైన్‌తో పాటు మానిటాల్, రక్తనాళం బిగించే ముందు హెపారిన్ ఇస్తామన్నారు. ఎందుకండీ అంటే, "అటు పెట్టగానే మూత్రం ధారగా రావాలి కదమ్మా" అన్నారు. నాకు జబ్బేం లేదు. ఈ మందులు నా ఒంట్లోకి ఎక్కేది వాడి కోసమే. వాడికి మేలు జరిగితే నాకు అభ్యంతరం లేదు. కానీ నిజంగా జరుగుతుందా? నాకేమన్నా అవుతుందా? ఇంట్లో అడిగితే, ఇచ్చేటప్పుడు ఇన్ని లెక్కలేంటి అంటున్నారు!

మత్తు డాక్టర్:
తప్పకుండా అడగాల్సిన మాటేనండీ. లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్‌లో, కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. ఆ ఒత్తిడికి కిడ్నీకి వెళ్లే రక్తం తగ్గుతుంది. అందుకే సెలైన్ బాగా ఎక్కిస్తాం. మానిటాల్ నీటిని రక్తంలోకి లాగి, మూత్రంలో తనూ బయటికి పోతుంది. రక్తం ఆగి మళ్లీ అందేటప్పుడు కిడ్నీ కణాలు ఉబ్బకుండా కాపాడుతుందని దశాబ్దాలుగా వాడుతున్నాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి 12.5 గ్రాములో, 25 గ్రాములో ఇస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు.

హెపారిన్ సంగతి వేరు. అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కాబట్టి మీకు రక్తస్రావం ముప్పు కొంత పెరుగుతుంది. దానికి విరుగుడుగా కొందరు ప్రోటమిన్ ఇస్తారు, దాంతో ఒక్కోసారి బీపీ పడిపోతుంది. తీసిన కిడ్నీని వెంటనే చల్లటి ద్రావణంతో కడుగుతారు కదా, దాతకి హెపారిన్ అక్కర్లేదనే డాక్టర్లూ ఉన్నారు. మీవాళ్ల పద్ధతేంటో అడగండి.

లెక్కల మనిషి:
డాక్టరుగారూ, దశాబ్దాలుగా వాడటం రుజువైపోదు కదండీ. దాతకి చేసే చికిత్సల్లో గట్టి ఫలితాలు కనిపించినవి బ్రెయిన్ డెడ్ దాతల్లో, అదీ వేరే పద్ధతులతో. 2009లో వచ్చిన అధ్యయనంలో దాతకి డోపమిన్ అనే మందు కొద్ది మోతాదులో ఇస్తే, గ్రహీతకి మొదటి వారంలో పదే పదే డయాలసిస్ చేయాల్సిన అవసరం తగ్గింది. 2015లో దాత ఒంటి వేడిని 34-35 డిగ్రీల దగ్గర ఉంచితే, కిడ్నీ ఆలస్యంగా పని మొదలెట్టడం 39 శాతం నుంచి 28కి దిగింది. అక్కడ కిడ్నీ గంటల తరబడి ఐసులో ఉంటుంది, దెబ్బ తినేదే ఎక్కువ. బతికున్న అక్క దగ్గర్నుంచి వచ్చేది ఎక్కువగా ఆ పూటే పనిచేస్తుంది. అప్పటికే బాగున్నదాన్ని మానిటాల్ ఇంకెంత బాగుచేస్తుంది? వద్దనను, అద్భుతం మాత్రం ఆశించకండి.

ఒక కిడ్నీ మనిషి:
నాకూ మానిటాల్ ఇచ్చారట, చెబితేగానీ తెలియలేదు. నన్ను ఏడిపించింది భుజం నొప్పి! కోత కడుపు మీదైతే నొప్పి భుజంలో ఏంటో అనుకున్నా. లోపల మిగిలిన గ్యాస్ వల్లేనట. నొప్పికి ఏ మాత్ర ఇస్తారో ముందే అడగండమ్మా. ఉన్నది ఒక్క కిడ్నీయే కాబట్టి డైక్లోఫెనాక్ లాంటివి నాకు వద్దన్నారు.

పెద్దక్క:
అందరికీ థాంక్సండీ. మానిటాల్‌కి సరే అంటాను. హెపారిన్ ఎంత ఇస్తారు, ప్రోటమిన్ ఇస్తారా, నొప్పికి ఏం వాడతారు, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాను. జవాబులు వచ్చాకే సంతకం.