పులుసు 'దగ్గరపడటం' అంటే ఏంటండీ?

కొత్తవంట:
మా అత్తయ్య ఫోన్‌లో చేపల పులుసు చెప్పారు. అన్నీ అర్థమయ్యాయి గానీ చివర్లో "దగ్గరపడ్డాక దించెయ్" అని పెట్టేశారు. దేనికి దగ్గర? సరే, చిక్కబడటమే అయ్యుంటుందిలే అనుకుని, అప్పటికి నీళ్ళలా ఉందని రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి పోశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా చిక్కబడింది. తింటే చింతపండు పచ్చివాసన, ముక్కకి ఉప్పూకారం పట్టనే లేదు. రెండు మాటలూ ఒకటి కాదా?

పులుసుప్రియ:
కాదండీ. చిక్కదనం ఎలా వచ్చినా చిక్కబడటమే, పిండి కలిపినా వస్తుంది. దగ్గరపడటం మాత్రం పొయ్యి మీద ఉడికి ఉడికి నీరు తగ్గితేనే. విడివిడిగా తేలుతున్న ముక్కలు, పులుసు, నూనె ఒకచోటికి చేరతాయి కాబట్టి 'దగ్గర' అన్నారేమో, ఇది నా లెక్క. గుర్తు చెప్తా: మొదట పులుసు తెర్లేటప్పుడు చిన్న బుడగలు గబగబా వస్తాయి, దగ్గరపడేకొద్దీ అవి పెద్దవై నిదానంగా కుతకుతమని పగులుతాయి, గిన్నె అంచున ఎర్రగా నూనె తేలుతుంది. అప్పుడు కట్టేయండి, చల్లారాక ఎలాగూ ఇంకాస్త చిక్కబడుతుంది. గరిటె పెట్టకండి, ముక్క విరుగుతుంది, గిన్నె పట్టుకుని తిప్పండి.

గోదారోడు:
దీని తర్వాత ఇంకో మెట్టుంది, ఇగరడం. దగ్గరపడి ఆగితే పులుసు, నీరంతా ఇగిరిపోయి మసాలా ముక్కని అంటుకుంటే ఇగురు. రొయ్యల ఇగురు అందుకే ఇగురు. అలాగని పిండి వెయ్యడం తప్పని కాదు, మజ్జిగ పులుసుకి శనగపిండి, దప్పళానికి బియ్యప్పిండి వేస్తారు కదా. చన్నీళ్ళలో జారుగా కలిపి పొయ్యాలి, మరుగుతున్నదాంట్లో పొడిగా వేస్తే ఉండలు కడుతుంది. చేపల పులుసులో కార్న్‌ఫ్లోర్ అంటే మాత్రం మా అమ్మ గుమ్మం కూడా ఎక్కనివ్వదు మిమ్మల్ని.

బెల్లంముక్క:
ఒక్కోదానికి ఒక్కో మాట మనకి. చలికి నెయ్యి పేరుకుంటుంది, పాలు తోడుకుంటాయి, బెల్లం పాకం ముదురుతుంది. అరిసెలకైతే నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి చూస్తే మెత్తని ఉండ కట్టాలి, లేదంటే నూనెలో అరిసె విడిపోతుంది. అన్నట్టు పాలు చిక్కబడితే సంతోషం, అదే మనిషి చిక్కితే "జ్వరం వచ్చిందా?" అంటారు, ఇదెక్కడి భాషో!

కొత్తవంట:
హహ. మరి మిగిలిన పులుసుని మళ్ళీ పొయ్యెక్కిస్తే బాగుపడుతుందా?

పులుసుప్రియ:
ముక్కలు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టండి. పిండి పడింది కాబట్టి ఊరికే పెడితే అడుగంటుతుంది, ఒక గ్లాసు వేడినీళ్ళు పోసి సన్నసెగ మీద పచ్చివాసన పోయేదాకా ఉడకనిచ్చి, ముక్కలు చివర్లో వెయ్యండి. ఇవాళ తినకండి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి రేపు తినండి, ముక్కకి పులుపు పడుతుంది.