గెర్హార్డ్ రిక్టర్ చిత్రాల కోసం బెర్లిన్ వెళ్లాలా, డ్రెస్డెనా, కొలోనా?

జర్మనీలో ఉంటున్నవాళ్లు, పెయింటింగ్ బాగా చూసినవాళ్లు కాస్త చెప్పండి. 2025 అక్టోబరులో పారిస్‌లోని లూయీ విటాన్ ఫౌండేషన్‌లో మొదలైన జర్మన్ చిత్రకారుడు రిక్టర్ రెట్రోస్పెక్టివ్‌కి నేను వెళ్లలేకపోయాను. 1962 నుంచి 2024 దాకా ఆయన చేసిన పనిలోంచి ఎంచి ఒకేచోట పెట్టారు, మళ్లీ అలాంటిది ఎప్పుడో! ఇప్పుడు ఒక వీకెండ్ దొరికింది, ఒక్క ఊరికే కుదురుతుంది.

డ్రెస్డెన్ ఆయన 1932లో పుట్టిన ఊరు. అక్కడే కుడ్యచిత్రాలు నేర్చుకుని, 1961లో బెర్లిన్ గోడ లేవకముందే పశ్చిమ జర్మనీకి వచ్చేశారు. కొలోన్ కేథడ్రల్‌లో 2007లో పెట్టిన, ఆయన రూపొందించిన 72 రంగుల గాజు కిటికీ ఉంది. నా మనసు మాత్రం బెర్లిన్ వైపే లాగుతోంది. అక్కడి నొయే నాట్సియోనాల్‌గాలరీ మ్యూజియానికి ఆయన ఫౌండేషన్ 100 కృతులను దీర్ఘకాలానికి ఇచ్చింది. నాజీల ఆష్విట్జ్ శిబిరంలోని ఖైదీలు రహస్యంగా తీసిన ఫోటోలను కాన్వాస్ మీద గీసి, వాటినే రంగులతో కప్పేసిన నాలుగు ‘బిర్కెనావ్’ చిత్రాలూ వాటిలో ఉన్నాయి. అవి ఇప్పుడు గోడ మీద ఉన్నాయా?

ఇంకొకటి. ఫోటో చూసి గీసి, తడి రంగును చెరిపిన ‘అంకుల్ రూడీ’ (1965) లాంటి మసక బొమ్మలు నాకు వెంటనే పట్టేశాయి. స్క్వీజీతో (వెడల్పాటి పట్టీతో) రంగు లాగిన అబ్‌స్ట్రాక్ట్‌లు మాత్రం పుస్తకంలో వాల్‌పేపర్‌లా అనిపిస్తున్నాయి. ఎదురుగా నిలబడి చూస్తే నిజంగా తేడా ఉంటుందా? దగ్గర నుంచి చూడాలా, దూరం నుంచా?