మొదటి ఏడాది 99 రూపాయల డాట్ కామ్: చిన్న రీసెల్లర్లు ఏం చేయాలి?

బెజవాడ వెబ్‌షాపు
నమస్కారమండీ. వెబ్‌సైట్లు చేసే చిన్న షాపు. దాంతోపాటు డొమైన్ రీసెల్లింగ్, అంటే పై కంపెనీ దగ్గర వెబ్‌సైట్ పేర్లు తీసుకుని క్లయింట్లకు అమ్మడం, 140 దాకా పేర్లు. ఎక్కువ డాట్ కామ్, కొన్ని డాట్ ఇన్. బిల్లింగ్ డబ్ల్యూహెచ్ఎంసీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో. ఊళ్లో ఇంకో రీసెల్లర్ డాట్ కామ్ 99 రూపాయలని బోర్డు పెట్టాడు, పక్కనే ఐకాన్ (డొమైన్ పేర్ల నియమాలు చూసే అంతర్జాతీయ సంస్థ) లోగో. మరి మీకు 1,200 ఎందుకని క్లయింట్లు అడుగుతున్నారు. ఈ ధర మీద ఫిర్యాదుకు దారుందా? లేకపోతే మన పని మెరుగని చెప్పుకోవడానికి ఏమేం సరిచూసుకోవాలి?

లెక్కల మనిషి
ధర మీద ఫిర్యాదు వదిలేయండి. డాట్ కామ్ రిజిస్ట్రీని, అంటే ఆ పేర్ల అసలు పట్టికను, నడిపే వెరిసైన్ టోకు ధర 2024 సెప్టెంబరు 1న 10.26 డాలర్లు అయింది. ఐకాన్ రుసుము 20 సెంట్లు. డాలరు 85 వేసుకున్నా 890 దాకా అవుతుంది, ఆపైన 18 శాతం జీఎస్టీ. 99కి ఇచ్చేవాడు పేరుకు దాదాపు 800 చేతినుంచి పెట్టుకుంటున్నాడన్నమాట. అది రెన్యువల్‌లో లాగుతాడు, లేదా హోస్టింగ్ అంటగడతాడు. నష్టానికి అమ్మడం దానంతటదే తప్పు కాదు. 2002 కాంపిటీషన్ చట్టం సెక్షన్ 4 మార్కెట్లో ఆధిపత్యం ఉన్నవాడికే వర్తిస్తుంది. ఐకాన్ చిల్లర ధరల జోలికి రాదు.

లోగో సంగతి వేరు. ఐకాన్ గుర్తింపుతో పేర్లు నమోదు చేసే కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. 2013 రిజిస్ట్రార్ ఒప్పందం 3.12 ప్రకారం ఐకాన్ రాతపూర్వక అనుమతి లేకుండా రీసెల్లర్ ఆ లోగో పెట్టుకోకూడదు, గుర్తింపు ఉన్నట్టు చెప్పుకోకూడదు. ముందు ఐకాన్ సైట్లోని రిజిస్ట్రార్ల జాబితాలో అతని పేరుందేమో చూడండి. లేకపోతే అతను అమ్మిన ఒక డొమైన్‌ను ఐకాన్ లుకప్‌లో (పేరు వివరాలు చూపించే ఐకాన్ పేజీ) కొట్టండి, పై రిజిస్ట్రార్ ఎవరో తెలుస్తుంది. రీసెల్లర్ చేసే పనులకు జవాబుదారీ ఆ రిజిస్ట్రారే, ఫిర్యాదు అక్కడే.

క్లయింటుకు మాత్రం మూడేళ్ల మొత్తం కాగితం మీద రాసి చూపించండి. మొదటి ఏడాది ధర గురించి వాదన పెట్టుకోవద్దు.

డీఎన్ఎస్ బాబాయ్
నాణ్యత అంటే ముందు చూడాల్సింది రిజిస్ట్రెంట్, అంటే డొమైన్ యజమానిగా నమోదైన పేరు. అక్కడ క్లయింట్ పేరు, క్లయింట్ మెయిల్ ఉండాలి. షాపు పేరుంటే కాగితాల ప్రకారం ఆస్తి షాపుదే. 2007లో రిజిస్టర్‌ఫ్లై గుర్తింపు రద్దయ్యాక రిజిస్ట్రార్ల డేటా ఎస్క్రోకు (యజమానుల వివరాల నకలు మూడో సంస్థ దగ్గర దాచడం) పట్టు పెరిగింది కానీ, ఎస్క్రోలో ఉన్నదే మీ పేరైతే అది క్లయింటును కాపాడదు.

రెండోది వాలెట్. చాలా రీసెల్లర్ ఖాతాలు ముందు డబ్బు వేసుకునేవే. క్లయింట్ కడతాడు, ఇన్‌వాయిస్ 'పెయిడ్' అంటుంది. వాలెట్లో డబ్బు లేక రెన్యువల్ ఆర్డరు మాత్రం ఫెయిల్. ఇన్‌వాయిస్ చూసి సరిపెట్టుకుంటే సైటు పడిపోయాకే తెలుస్తుంది. వారానికోసారి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోని మాడ్యూల్ లాగ్ (పంపిన ఆర్డర్ల చిట్టా), పై రిజిస్ట్రార్ ప్యానెల్‌లోని గడువు తేదీ పక్కపక్కన పెట్టి చూడండి.

అందులోనూ ఓ మెలిక. డాట్ కామ్ గడువు దాటగానే రిజిస్ట్రీ తనంతట తాను ఏడాది పొడిగిస్తుంది. లుకప్‌లో 'రిజిస్ట్రీ ఎక్స్‌పైరీ' వచ్చే ఏడాది చూపిస్తుంది, అమ్మయ్య అనుకుంటాం. నిజం చెప్పేది 'రిజిస్ట్రార్ రిజిస్ట్రేషన్ ఎక్స్‌పిరేషన్' అన్న వరుస. రిజిస్ట్రార్ 45 రోజుల్లోపు పేరు తీసేస్తే ఆ పొడిగింపు డబ్బు వెనక్కి వస్తుంది కాబట్టి పొడిగింపును నమ్ముకోవద్దు. తీసేశాక 30 రోజులు రిడెంప్షన్ (పేరు వెనక్కి తెచ్చుకునే గడువు), అక్కడ విడిపించుకోవాలంటే రుసుము బాగా బరువు. తర్వాత 5 రోజుల పెండింగ్ డిలీట్, ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే నేమ్‌సర్వర్లు మీ షాపు డొమైన్ మీదే పెట్టుకుంటే ఆ ఒక్క పేరు గడువు దాటినా 140 సైట్లూ, మెయిళ్లూ కలిసి పడతాయి. దాన్ని 10 ఏళ్లకు కట్టేయండి. గరిష్ఠం అంతే.

బెజవాడ వెబ్‌షాపు
బాబాయ్, 90 పేర్లకు రిజిస్ట్రెంట్ మెయిల్ మా షాపుదే ఉంది. అన్నీ ఒకేసారి మార్చేయనా?

డీఎన్ఎస్ బాబాయ్
వద్దు, పదేసి చొప్పున మార్చండి. రిజిస్ట్రెంట్ మెయిల్ మారినా యజమాని మారినట్టే లెక్క, 60 రోజుల లాక్ పడుతుంది. అది వేరే రిజిస్ట్రార్‌కు బదిలీకే అడ్డు, రెన్యువల్‌కు కాదు. కొందరు రిజిస్ట్రార్లు మార్చేముందే లాక్ వద్దనే వీలిస్తారు, చూసుకోండి. కొత్త మెయిల్‌ను 15 రోజుల్లో నిర్ధారించకపోతే డొమైన్ హోల్డ్‌లో పడి సైటు ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఆ నిర్ధారణ మెయిల్ పై రిజిస్ట్రార్ పేరుతో వెళ్లొచ్చు, క్లయింట్ మోసమనుకుని తీసేస్తాడు. పంపేవారి పేరు మార్చే వీలు ప్యానెల్‌లో ఉంటే ముందు అది మార్చండి. లేదంటే ఆ మెయిల్ ఎలా ఉంటుందో స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపి, ఫోన్ చేసి చెప్పాకే బటన్ నొక్కండి. డాట్ ఇన్ పేర్లు వేరుగా పెట్టుకోండి. వాటికి ఐకాన్ నియమాలు కావు, డాట్ ఇన్‌ను చూసే భారత సంస్థ నిక్సీ నియమాలు.