నాలుగు కోట్ల అంకెల ప్రధాన సంఖ్య ట్యూషన్‌లో ఎందుకు?

పర్లాకిమిడి మాస్టారు: మొన్న తొమ్మిదో తరగతి పిల్లలకు 2024 అక్టోబరులో దొరికిన అతిపెద్ద ప్రధాన సంఖ్య గురించి చెప్పాను. 2ను 136279841 సార్లు వేసి గుణించి, 1 తీసేస్తే వచ్చేది అది. 41024320 అంకెలు! ఒక తండ్రి ఫోన్ చేసి, గంట దండగ చేశారని కేకలేశారు. మీరేమంటారు?

కాశీనగర్ వాసి: దండగే. ఎవరూ పూర్తిగా చదవని సంఖ్య మీద పాఠమేమిటి? చివరి అంకె చెప్పగలరా?

పర్లాకిమిడి మాస్టారు: 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6గా తిరుగుతాయి. 136279841ని 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి ఘాతం చివర 2. ఒకటి తీస్తే 1. మా పిల్లలు నిమిషంలో చెప్పారు.

కాశీనగర్ వాసి: చివర 1 ఉంటే ప్రధానమా? 21కీ చివర 1 ఉంది.

గుణుపురం: బ్యాంకు రహస్య సంకేతాలకు ఇవే కదా వాడేది. పనికొచ్చేదే.

బరంపురం క్యాషియర్: కాదండీ. వాటికి కొన్ని వందల అంకెల ప్రధానాలు చాలు, పైగా అవి ఎవరికీ తెలియకూడదు. ఇది లోకమంతా తెలిసిన సంఖ్య.

పర్లాకిమిడి మాస్టారు: చివరి అంకె అడిగింది మీరు, చెప్పాను. ప్రధానమని తేల్చేది లూకాస్-లెహ్మర్ పరీక్ష. చిన్నది చూడండి: ఘాతాంకం 5, అంటే 2ను 5 సార్లు వేసి గుణించి 1 తీస్తే వచ్చే 31. 4తో మొదలు. వర్గం చేసి 2 తీస్తే 14. మళ్లీ చేస్తే 194, 31తో భాగిస్తే శేషం 8. ఆ 8తో మళ్లీ చేస్తే 62, శేషం సున్నా. చివరికి సున్నా వచ్చింది కాబట్టి ప్రధానమే! ఇది బోర్డు మీద చేస్తే దండగా?

కాశీనగర్ వాసి: ఆ ఫోన్ చేసింది నేనే. మా అమ్మాయి బడిలో తెలుగు సెక్షన్ ఎత్తేశారు. లెక్కలు ఒడియాలో విని, సగం అర్థమై, సగం కాక ఇంటికొస్తుంది. తెలుగులో లెక్క వినేది మీ దగ్గర ఆ ఒక్క గంటే. అందులో బహుపదులు చెప్పండి మహాప్రభో. లోకంలోని పెద్ద సంఖ్యలు మాకెందుకు?

గుణుపురం: అదీ అసలు సంగతి.

పర్లాకిమిడి మాస్టారు: నెలంతా నోరు విప్పని పిల్ల మొన్న లేచి అడిగింది: 11 ప్రధానమే కదా, 2ను 11 సార్లు గుణించి 1 తీస్తే వచ్చే 2047 ఎందుకు కాలేదు అని. అది మీ అమ్మాయే. బహుపదులు చెప్పినప్పుడు ఒక్క ప్రశ్నా అడగలేదు.

కాశీనగర్ వాసి: అడిగింది సరే. బుధవారం పరీక్షలో అది వస్తుందా?

పర్లాకిమిడి మాస్టారు: 2047 అంటే 23 ఇంటు 89. రెండింటిలోంచీ ఒకటి తీయండి: 22, 88. రెండూ 22 గుణిజాలే. 11 ప్రధానం కాబట్టి, 2047కు ఏ ప్రధాన కారణాంకం ఉన్నా ఇలాగే ఉండాలి. ఎందుకంటే...

కాశీనగర్ వాసి: చూశారా, మళ్లీ మొదలుపెట్టారు.