గాల్వెస్టన్ నుంచి మొదటి క్రూజ్, ఏ కంపెనీ ఎక్కమంటారు?

అడిగినది: డాలస్ నుంచి

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్, వనస్థలిపురం. ఇక్కడికి వచ్చి రెండేళ్లు కూడా కాలేదు, ఎమ్మెస్ అయ్యి ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే పని అనుమతి) మీద ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. మేలో మా తమ్ముడు విజిట్ వీసా మీద వస్తున్నాడు, వాడికి 20. నేనూ, వాడూ, నా ఫ్రెండ్స్ ఇద్దరూ (మా ముగ్గురికీ 23) గాల్వెస్టన్ (హ్యూస్టన్ దగ్గరి రేవు) నుంచి క్రూజ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఆఫీసులో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పి తల తినేస్తున్నారు. ముసలివాళ్ల ఓడ వద్దు, చిన్నపిల్లల గోల కూడా వద్దు. కాస్త డాన్సు, కాస్త సముద్రం, నాకు వెజ్ తిండి దొరికితే చాలు. తలకు 800 డాలర్లు దాటకూడదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు: నిజాంపేట నుంచి

చెల్లీ, నేను హ్యూస్టన్‌లో ఏడేళ్లుండి వెనక్కి వచ్చేసినదాన్ని. గాల్వెస్టన్ మాకు అప్పట్లో ట్యాంక్‌బండ్ లాంటిది, బుర్ర వేడెక్కిన శనివారమల్లా వెళ్లి గట్టు మీద కూర్చునేవాళ్లం. మొత్తం ఆరు ఓడలెక్కాను. అందులో ఒకటి పూర్తిగా తప్పు ఓడ, దాంతోనే మొదలుపెడతాను.

2017లో, నాకూ మా ఆయనకూ ఇరవై ఆరూ ఇరవై ఎనిమిదీ. పది రాత్రుల క్రూజ్ చవగ్గా ఉందని మెయిల్ వస్తే వెనకా ముందూ చూడకుండా కార్డు గీకేశాం. ఎక్కే లైన్లోనే అనుమానం వచ్చింది, ఎటు చూసినా వాకర్లూ వీల్‌చెయిర్లే. భోజనం సాయంత్రం ఐదున్నరకి. రాత్రి తొమ్మిదింటికి డాన్స్ ఫ్లోర్ మీద మేమిద్దరం, స్టేజీ మీద బ్యాండ్ వాళ్లు నలుగురు, అంతే. లైబ్రరీలో ఒక బల్ల మీద వెయ్యి ముక్కల పజిల్ పరిచి పెట్టారు, వచ్చేపోయేవాళ్లు తలా రెండు ముక్కలు అతికించి పోతుంటారు. మూడో రోజుకి మేమూ అక్కడే సెటిలైపోయి నీలం ఆకాశం ముక్కలు వెతుకుతున్నాం. మనుషులు మాత్రం బంగారం, ఒక బామ్మగారు మా ఆయనకు ఓపిగ్గా లైన్ డాన్స్ నేర్పారు కూడా, కానీ మేం డబ్బు కట్టింది అందుకు కాదు కదా.

అందులో కంపెనీ తప్పేం లేదు. పది రోజులు ఖాళీగా ఉండేది ఎవరు, రిటైరైనవాళ్లు. అందుకే నేను ఎవరికైనా ముందు రాత్రులు లెక్కపెట్టుకోమంటాను, తర్వాత నెల చూడమంటాను, కంపెనీ పేరు మూడోది. మూడు, నాలుగు, ఐదు రాత్రుల ఓడల్లో మీ వయసువాళ్లు ఎక్కువ, ఒక్కోసారి మరీ ఎక్కువై తెల్లారి మూడింటికి కారిడార్‌లో పాటలు కూడా వినిపిస్తాయి. ఏడు రాత్రులంటే కుటుంబాలు. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్, ఓడ మొత్తం కాలేజీ పిల్లలే. జూన్ నుంచి ఆగస్టు దాకా పిల్లలతో వచ్చేవాళ్లు, లిఫ్ట్ ఎక్కితే అన్ని అంతస్తుల బటన్లూ నొక్కి ఉంటాయి. టెక్సాస్ బడులకు సెలవులు మే ఆఖర్లో గానీ ఇవ్వరు, కాబట్టి మీరు మే మొదటి రెండు వారాల్లో, అదీ సోమవారమో గురువారమో బయల్దేరే ఓడ చూసుకోండి. మెమోరియల్ డే (మే ఆఖరి సోమవారం సెలవు) వారాంతం మాత్రం వద్దు, రేటూ ఎక్కువే, జనమూ ఎక్కువే.

ఇక కంపెనీలు. పిల్లలు అసలే వద్దంటే వర్జిన్ వాయేజెస్ ఉంది, 18 నిండనివాళ్లను ఎక్కించుకోరు. 2021లో మొదలయ్యారు, ఓడలో టాటూ షాపు కూడా ఉంటుంది (అమ్మకు చెప్పకు). బఫే ఉండదు, చిన్నచిన్న రెస్టారెంట్లు చాలా ఉంటాయి, టికెట్ ధరలోనే. మీ కోరికకు అతికినట్టు సరిపోతుంది గానీ వాళ్ల ఓడ ఎక్కాలంటే మయామీ దాకా విమానం, ముందు రోజు హోటలు కలిపితే మీ 800 అక్కడే ఆవిరైపోతుంది. ఇంకో సంగతి, పెద్దవాళ్లకు మాత్రమే అని రాసి ఉంటే కుర్రకారు ఓడ అనుకోకు. వైకింగ్ వాళ్లు కూడా 18 లోపువాళ్లను ఎక్కించుకోరు, అక్కడి జనం మాత్రం మన నాన్నల కంటే పెద్దవాళ్లు. హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ కూడా దాదాపు ఆ వయసువాళ్లవే. డిస్నీ సంగతి నేను చెప్పక్కర్లేదు.

గాల్వెస్టన్ నుంచి అయితే నువ్వు ప్రధానంగా చూడాల్సినవి కార్నివాల్, రాయల్ కరీబియన్. కార్నివాల్ మాస్, చవక, గోలగోల, డెక్ మీద పొద్దున్నే డీజే. నాకు నచ్చుతుంది, మా ఆయనకు తలనొప్పి. గొడవ ఎక్కువైతే 21 దాటినవాళ్లకు సెరెనిటీ అని వేరే డెక్ ఉంటుంది, పిల్లలకు ప్రవేశం లేదు. రాయల్ కరీబియన్ కొంచెం ఖరీదు, ఆటలు ఎక్కువ, కృత్రిమ అల మీద సర్ఫింగూ, గోడ ఎక్కడాలూ. పెద్ద ఓడల్లో అయితే వండర్‌లా, నుమాయిష్, ఫంక్షన్ హాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే ఉంటుంది. మయామీ నుంచి తిరిగే ఐకాన్ ఆఫ్ ద సీస్‌కి 20 డెక్కులు, నిండితే 7,600 మంది ప్రయాణికులు. అంతమందిని చూడటానికి సముద్రం దాకా పోవాలా, మన అమీర్‌పేట మెట్రో స్టేషన్ లేదా అని మా ఆయన జోకు.

మీ నలుగురి విషయంలో నేను కార్నివాల్ వద్దంటాను, దానికి కారణం మీ తమ్ముడు. అమెరికా రేవుల నుంచి ఎక్కేటప్పుడు రాయల్ కరీబియన్‌లో 21 నిండనివాడు ఉన్న క్యాబిన్‌లో 21 దాటినవాళ్లు ఒక్కరుంటే చాలు, నువ్వున్నావు, సరిపోతుంది. కార్నివాల్‌లో 21 లోపువాళ్లతో 25 దాటిన బంధువో గార్డియనో ఉండాలి. నీకు 23, నువ్వు సొంత అక్కవైనా ఒప్పుకోరు. ఈ సంగతి డబ్బు కట్టాక, రేవులో కౌంటర్ దగ్గర తెలిసిందనుకో, డబ్బూ పోతుంది, ఓడా పోతుంది. నియమాలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజు వాళ్ల సైట్‌లో వయసు పేజీ నీ కళ్లతో చదువు. బుక్ చేసేటప్పుడు వాడి పేరు నీ క్యాబిన్‌లోనే వెయ్యి, ఫ్రెండ్స్ ఇద్దరికీ ఇంకోటి. మందు సంగతి వాడికి ముందే చెప్పేయ్, అమెరికా నుంచి బయల్దేరే ఓడలో 21 లోపు ఇవ్వరు, కార్డు గీకితే పుట్టినతేదీ స్క్రీన్ మీదే వస్తుంది.

మీరు కూడా డ్రింక్ ప్యాకేజీ (రోజుకింత అని ముందే కట్టేసే మందు ప్లాన్) తొందరపడి కొనకండి. క్యాబిన్‌లో ఒకరు కొంటే వయసొచ్చిన రెండోవాళ్లూ కొనాలంటారు, టిప్పుతో కలిపి మనిషికి రోజుకు 70 డాలర్లు సులువుగా దాటుతుంది. మీలో ఇద్దరు మందు ముట్టని ఇరానీ చాయ్ బ్యాచ్ అయితే దండగ. స్క్రీన్ మీద కనిపించే రేటు క్యాబిన్‌లో ఇద్దరుంటే ఒక్కొక్కరికి అని అర్థం. దాని మీద పోర్టు పన్నులు, రోజుకు మనిషికి 16 నుంచి 20 డాలర్ల దాకా టిప్పు, వైఫై వేరే, గాల్వెస్టన్‌లో కారు పార్కింగ్ వేరే. 350కి దొరికిందని స్నేహితులకు స్క్రీన్‌షాట్ పంపే ముందు చివరి పేజీ దాకా వెళ్లి చూడు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. ఓపీటీ అన్నావు, మీ కంపెనీ ఈ ఏడాది హెచ్1బీ (ఉద్యోగ వీసా) లాటరీలో నీ పేరు వేసిందా? పేరు వచ్చి, ఏప్రిల్లో స్టేటస్ మార్పుతో (అమెరికాలో ఉండగానే విద్యార్థి వీసా నుంచి హెచ్1బీకి మారడం) పిటిషన్ వేసి, అది ఇంకా పెండింగ్‌లో ఉంటే, మేలో నువ్వు ఓడెక్కకూడదు. మెక్సికోలోని కొజుమెల్‌కి నాలుగు రోజులు వెళ్లినా అది దేశం దాటినట్టే, స్టేటస్ మార్పు అడిగిన దరఖాస్తు వదులుకున్నట్టు లెక్క. అప్పుడు పిటిషన్ పాసైనా హెచ్1బీకి మారాలంటే బయటికి వెళ్లి స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా ముద్ర) చేయించుకోవాలి. పైగా 2025 సెప్టెంబరులో హెచ్1బీ మీద వచ్చిన లక్ష డాలర్ల ఫీజు ఉత్తర్వు కూడా, మార్పు తేలకముందే దేశం దాటినవాళ్ల మెడకు చుట్టుకునేలా ఉంది. మీ కంపెనీ లాయర్‌కి ఈ రోజే మెయిల్ పెట్టు, తేదీలతో సహా. నాలుగు రోజుల సరదా కోసం నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ లైన్లో నిలబడే పరిస్థితి తెచ్చుకోకు.

లాటరీలో పేరు లేదంటే బెంగ లేదు. పాస్‌పోర్టు, గడువున్న ఎఫ్1 (విద్యార్థి వీసా) స్టాంపు, ఈఏడీ (పని అనుమతి) కార్డు, కంపెనీ ఉత్తరం, ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం) మీద 6 నెలల లోపు వేయించిన ట్రావెల్ సంతకం, ఇవన్నీ భుజాన వేసుకునే బ్యాగులో ఉంచుకో. పెద్ద సూట్‌కేస్ రేవులో కూలీలకు ఇచ్చేస్తే సాయంత్రానికి గానీ గదికి రాదు. అమెరికా పౌరులు బర్త్ సర్టిఫికెట్ చూపించి ఎక్కేస్తారు, ఆఫీసులో వాళ్లు పాస్‌పోర్టు ఎందుకు అంటే వినకు, అది మనకు కాదు. తమ్ముడి విజిట్ వీసా (బీ1/బీ2) మల్టిపుల్ ఎంట్రీయేనా, అంటే మళ్లీ దేశంలోకి రానిస్తుందా చూడు.

జవాబు: సియాటెల్ నుంచి

అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతున్నా. అలాస్కా క్రూజ్ బాగుంటుందని ఎవరైనా అంటే ఆగండి. విదేశీ జెండా ఉన్న ఓడ (వేరే దేశంలో నమోదైనది, క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ అవే) అమెరికా రేవు నుంచి బయల్దేరి తిరిగి అక్కడికే రావాలంటే మధ్యలో ఒక విదేశీ రేవు తాకాలి, 1886 నాటి చట్టం. అందుకే సియాటెల్ ఓడలు కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతాయి. ఇండియా పాస్‌పోర్టుకు కెనడా వీసా కావాలి, దిగను ఓడలోనే కూర్చుంటానన్నా కుదరదు. మా రూమ్మేట్ వాళ్ల అమ్మానాన్నలను ఇదే మాటతో రేవులో ఆపేశారు. బుక్ చేసిన ఏజెంటు ఒక్క ముక్క చెప్పలేదు. ఆంటీ చేతిలో పులిహోర డబ్బా, అదీ లోపలికి రానివ్వరని పక్కన పెట్టించారు.

మళ్లీ అడిగినది: డాలస్ నుంచి

థాంక్యూ అక్కా, అన్నా. లాటరీలో నా పేరు రాలేదు, ఇన్నాళ్లూ ఏడ్చాను, ఇప్పుడు మొదటిసారి ఒక ఉపయోగం కనిపించింది. రాయల్ కరీబియన్ నాలుగు రాత్రులది చూస్తున్నా. తిండి సంగతి చెప్పలేదు అక్కా. ఇన్‌సైడ్ క్యాబిన్ తీసుకుంటే ఊపిరాడదా? డాలస్ నుంచి అదే రోజు పొద్దున్నే బయల్దేరితే సరిపోతుందా?

జవాబు: నిజాంపేట నుంచి

అదే రోజు వద్దు తల్లీ. డాలస్ నుంచి గాల్వెస్టన్ ఐదు గంటల డ్రైవ్, అదీ హ్యూస్టన్ ట్రాఫిక్ దయతలిస్తే. ముందు రాత్రి హ్యూస్టన్‌లోనో దగ్గర్లోనో పడుకోండి, ఓడ ఎవరి కోసమూ ఆగదు. కొజుమెల్‌లో దిగినప్పుడు కూడా ఫోన్ టైమ్ నమ్మకు, ఓడ టైమ్ వేరే ఉండొచ్చు, దిగే తలుపు దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకుని దిగు.

ఇన్‌సైడ్ క్యాబిన్‌లో ఊపిరి బాగానే ఆడుతుంది, ఏసీ వణికిస్తుంది. కిటికీ లేదు కాబట్టి లైటు ఆర్పితే పగలో రాత్రో తెలియదు, మధ్యాహ్నం ఒంటిగంటకు లేచి పొద్దున్నే అనుకుంటారు. మీ వయసులో గదిలో ఉండేది ఎంతసేపు, ఆ డబ్బు మిగుల్చుకోండి. ఓడ మధ్యలో, కింది డెక్‌లో దొరికితే ఊపు తక్కువ.

వెజ్ గురించి, బుక్ చేశాక సైట్‌లోనే ఆహారం కాలమ్‌లో రాసేయ్. మొదటి రాత్రి మెయిన్ డైనింగ్‌లో కూర్చున్నాక హెడ్ వెయిటర్‌ని పిలిచి ఇండియన్ వెజిటేరియన్ కావాలను, రేపటిది ఈ రాత్రే అడుగుతాడు. ఓడ సిబ్బందిలో గోవా, ముంబై, కేరళ వాళ్లు బోలెడుమంది, నాలుగో ఓడలో ఒక గోవా ఆయన మేం చెప్పకుండానే పప్పూ, బెండకాయ వేపుడూ, గిన్నెడు పెరుగూ తెచ్చి పెట్టాడు. పప్పులో కారం లేదు, అయినా మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. బఫేలో రైస్ కనబడగానే పరిగెత్తకు, మాంసం ముక్కలు కలిసే ఉంటాయి, గిన్నె ముందున్న చీటీ చదువు.

పచ్చడి గురించి అడగలేదు గానీ అడుగుతావని తెలుసు. తమ్ముడు హైదరాబాద్ నుంచి తెచ్చే ఇంట్లో పెట్టిన ఆవకాయ డాలస్ ఫ్రిజ్‌లోనే వదిలెయ్యండి, ఇంటి వంట ఓడలోకి రానివ్వరు. కంపెనీ సీలున్న చిన్న పచ్చడి ప్యాకెట్లు నాలుగు కొని పెట్టుకో. పదిహేను పెట్టుకున్నా పర్లేదు, రెండో రోజు పక్క టేబుల్‌లో ఎవరో ఒక తెలుగువాళ్లు వాసన పట్టి వస్తారు.