పడుకోబెట్టి తీస్తే 18, నిలబెట్టి తీస్తే 23: వెన్ను వంకర పెరిగినట్టా?

ప్రశ్న (ఫిజియో, నర్సంపేట):
12 ఏండ్ల పాప, వెన్ను పైభాగంలో కుడివైపు వంకర. మార్చిలో హన్మకొండలో తీసిన ఎక్స్‌రేలో కాబ్ యాంగిల్ (వెన్ను పక్కకు ఎంత వంగిందో చెప్పే కోణం) 18 డిగ్రీలు. సెప్టెంబర్‌లో కరీంనగర్‌లో తీస్తే 23. మొదటిది పడుకోబెట్టి తీసిండ్రు, రెండోది నిలబెట్టి. బ్రేస్ (వంకర పెరగకుండా ఒంటికి తొడిగే పట్టీ) వేయించాలా అని ఇంటోళ్లు అడుగుతున్నరు. ఏం చెప్పాలె?

జవాబు (రేడియోగ్రాఫర్, హన్మకొండ):
ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టకండి. పడుకుంటే ఒంటి బరువు వెన్ను మీద పడదు, వంకర కొంత సర్దుకుంటది. తేడా మొత్తం అక్కడినుంచే వచ్చి ఉండొచ్చు.

రెండు రిపోర్టుల్లో కొలిచిన వెన్నుపూసలు ఒకటేనా చూడండి. ఒకరు టీ5 నుంచి టీ11 (ఛాతీ వెనక ఉండే పూసల నంబర్లు), ఇంకొకరు టీ6 నుంచి టీ12 తీసుకుంటే కోణం మారుతది. పైన ఎక్కువ ఒరిగిన పూస పై అంచుకు ఒక గీత, కింద ఎక్కువ ఒరిగిన పూస కింది అంచుకు ఒక గీత. సినిమా (ఎక్స్‌రే ఫిల్మ్) మీద ఆ గీతలు కలవకపోతే వాటికి లంబాలు గీసి కొలవాలె. కొత్త సినిమా కొలిచేటప్పుడు పాతదాంట్ల తీసుకున్న పూసలే తీసుకోవాలె. ఇవన్నీ సరిగ్గా చేసినా మనిషి మారితే 3 నుంచి 5 డిగ్రీల తేడా మామూలే.

వాట్సాప్ ఫొటో మీద కొలవొద్దు. ఫోన్ ఏటవాలుగా పట్టుకుంటే కోణం తప్పుతది. సీడీ అడిగి తీసుకోండి.

తర్వాతిసారి చెప్పులు తీసి, నిలబెట్టి, వీపు ఎక్స్‌రే కిరణాలు వచ్చే ట్యూబ్ వైపు ఉండేటట్టు తీయమనండి. రొమ్ముల మీద పడే రేడియేషన్ తగ్గుతది, ఎదిగే ఆడపిల్లకు ఇది చాలా ముఖ్యం. ఒక కాలు పొట్టిగా ఉంటే దాని కింద చెక్క పెట్టి నడుమును సమం చేయాలె. కుడి, ఎడమ గుర్తు, గుండె నీడ ఎటుందో కూడా చూడాలె. సినిమా తిరగేసి చదివితే కుడి వంకర ఎడమదిగా కనిపిస్తది. పైవెన్నులో ఎడమ వంకర మామూలుగా రాదు గనక ఉత్తపుణ్యానికి ఎమ్మారై రాస్తరు.

జవాబు (ఆర్థో, కరీంనగర్):
పై మాట సరైనదే, కానీ 23ని తీసిపారేయొద్దు. ఇకనుంచి అదే మొదటి కొలత అనుకోండి. అదే సినిమాలో తుంటి ఎముక పై అంచు చూసి రిస్సర్ గ్రేడ్ (ఎముకల ఎదుగుదల ఎంతవరకు వచ్చిందో చెప్పే అంకె, తక్కువుంటే ఇంకా ఎదిగేది ఉన్నట్టు) రాయించండి, నెలసరి మొదలైందో లేదో అడగండి. రిస్సర్ 0 లేదా 1 ఉండి వంకర 20 దాటితే పెరిగే ముప్పు ఎక్కువ. 4 నుంచి 6 నెలలకు మళ్లీ నిలబెట్టి తీయించండి. అప్పుడు 5 డిగ్రీలకు మించి పెరిగితే, లేదా ఎదిగే వయసులో 25 దాటితే బ్రేస్ గురించి మాట్లాడుకోవాలె. ఈలోపు పాపను ముందుకు వంగమని వీపు మీద స్కోలియోమీటర్ (వీపు ఒక పక్కకు ఎంత ఒరిగిందో కొలిచే చిన్న పరికరం) పెట్టి చూడండి, దానికి రేడియేషన్ లేదు.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు సార్. ఇంకొకటి. ఆ పాప నానమ్మ మోకాలి ఎక్స్‌రే కూడా పడుకోబెట్టే తీసిండ్రు. కీలులో ఎముకల మధ్య గ్యాప్ బాగానే ఉందని రాసిండ్రు, కానీ ఆమె మెట్లు ఎక్కలేకపోతున్నది.

జవాబు (రేడియోగ్రాఫర్, హన్మకొండ):
బరువు పడకుంటే గుజ్జు అరిగినా గ్యాప్ వెడల్పుగానే కనిపిస్తది. రెండు మోకాళ్లు ఒకే సినిమాలో, నిలబెట్టి తీయించండి. దాంట్ల గ్యాప్ బాగానే ఉండి నొప్పి తగ్గకపోతే, మోకాళ్లు 45 డిగ్రీలు వంచి నిలబెట్టి వెనకనుంచి ఇంకొకటి తీస్తరు. అరుగుదల కీలు వెనకవైపు ఉంటే అందులోనే తేలుతది. చీటీ మీద ‘నిలబెట్టి’ అని రాయించండి, ఉత్తగ ‘మోకాలు ఎక్స్‌రే’ అని రాస్తే బల్ల మీదనే తీస్తరు.