డార్క్ బెల్జియన్ ఏల్‌కి ఫ్రిజ్ చలిలో తాగి మార్కులు వేయొచ్చా?

పటమటవాసి
మా బావగారు బ్రస్సెల్స్ నుంచి వస్తూ షిమే బ్లూ ఆరు సీసాలు తెచ్చారు. బెల్జియంలో సన్యాసుల మఠంలో చేసే ముదురు రంగు ఏల్ రకం బీరు అది. 330 మిల్లీలీటర్లవి ఆరు కాబట్టి కస్టమ్స్ వాళ్ల రెండు లీటర్ల లెక్కలో సరిపోయాయి. మొన్న ఆదివారం సాయంత్రం విజయవాడలో మా డాబా మీద నేనూ, గుంటూరు నుంచి వచ్చిన స్నేహితుడూ చెరొకటి తెరిచాం. ఒకరి కాగితం ఒకరు చూడకుండా మార్కులు వేసుకున్నాం. హోమ్‌బ్రూ (ఇంట్లో చేసిన బీరు) పోటీల్లో జడ్జీలు వాడే బీజేసీపీ పద్ధతిలోనే: వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తమ్మీద ఎలా ఉందనేదానికి 10. వెరసి 50.

నేను 39 వేశాను. వాడు 27 వేశాడు.

ఒకే పెట్టెలోవి, ఒకే షెల్ఫ్‌లో పెట్టినవి. తేడా ఒక్కటే. వాడు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోసుకుని, గ్లాసుకి పట్టిన చెమట ఆరకముందే సగం తాగేశాడు. నేను సీసాని బల్ల మీద పావుగంట ఉంచాను. వాసన దగ్గర వాడు రాసింది: "పెద్దగా ఏమీ లేదు, కాస్త స్పిరిట్." నేను రాసింది: ఎండుద్రాక్ష, తాటిబెల్లం పాకం, బాగా మాగిన అరటిపండు, చివర్లో లవంగం. నురుగు తగ్గాక గ్లాసులో ముక్కు పెడితే ఆ పాకం వాసన ఎంత స్పష్టంగా వచ్చిందంటే, సంక్రాంతికి అరిసెలు చేసేటప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో వంటగది గుర్తొచ్చింది.

ఫ్రిజ్ చలిలో వేసిన మార్కులు లెక్కలోకి తీసుకోకూడదని నా వాదన. మీరేమంటారు?

బ్రాడీపేట 4వ లైన్
ఆ 27 వేసింది నేనే. నా వైపు కూడా వినండి. మే నెలలో గుంటూరులో పొద్దుగూకాక కూడా గోడలు వేడి కక్కుతుంటాయి. అలాంటి రోజున ఎవరైనా బీరు తీసి బల్ల మీద పెట్టి ఎదురుచూస్తారా? మన మార్కులు చదివేది ఇక్కడివాళ్లు. వాళ్లు తాగే పద్ధతిలో ఎలా ఉందో చెప్పాలి. బెల్జియంలో సన్యాసుల మఠంలో ఎలా ఉంటుందో చెబితే మనవాళ్లకి ఏం ఉపయోగం?

రెండోది తీపి. నాకు తీపి ఎక్కువైంది. అది చలి వల్ల వచ్చిందని ఎవరూ అనలేరు కదా.

కృష్ణలంక
పెసరట్టు చల్లారిపోయాక తిని హోటల్‌కి మార్కులు తగ్గిస్తే ఒప్పుకుంటారా అన్నా? ఇదీ అంతే. ఆ బీరు క్రిస్మస్ కోసం మొదలుపెట్టింది. చలికాలంలో మెల్లగా తాగడానికి చేసిన దాన్ని దాహం తీర్చే మామూలు లాగర్ బీరులాగా కొలిస్తే ఎలా?

ఇంకో మాట. 'స్ట్రాంగ్' అనగానే మనవాళ్లు కిక్కు చూస్తారు. ఇక్కడి స్ట్రాంగ్ బీర్లు 8 శాతం లోపే, ఇది 9. అయినా చిన్న సీసా కాబట్టి లోపలికి వెళ్లే ఆల్కహాల్ 5 శాతం పెద్ద బాటిల్ కంటే కొంచెం తక్కువే. కిక్కు కోసం అయితే ఇంత ఖరీదైనది అక్కర్లేదు. ఇక్కడ మార్కులు వేయాల్సింది వాసనకీ రుచికీ.

మంగళగిరి నుంచి
కొన్నాళ్లు బెంగళూరులో బ్రూవరీలో పనిచేశాను కాబట్టి చెబుతున్నా. ఈ రకం బీరులో పళ్ల వాసన పళ్లు వేస్తే వచ్చేది కాదు, లవంగం వేస్తే వచ్చేదీ కాదు. పులియబెట్టే ఈస్ట్ తయారుచేసే ఎస్టర్లు, ఫీనాల్స్ అనే వాసన పదార్థాల వల్ల వస్తుంది. ఎండుద్రాక్ష, బెల్లం లాంటి వాసన ముదురు మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), ముదురు చక్కెర పాకాల నుంచి వస్తుంది. ఇవన్నీ ఆవిరై ముక్కుకి చేరాలి. 4 డిగ్రీల దగ్గర చాలావరకు గ్లాసులోనే ఉండిపోతాయి. అంటే 12 మార్కుల వాసనని చూడకుండానే మార్కులు వేసినట్టు. ఈ బీరుకి 10 నుంచి 12 డిగ్రీలు సరైన చలి.

తీపి సంగతి మాత్రం పటమటవాసి గారు కూడా ఆలోచించాలి. చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది. కరిగిన కుల్ఫీ తాగి చూడండి, వెగటు పుడుతుంది. ఫ్రిజ్ చలిలోనే తీపి ఎక్కువ అనిపించిందంటే, 12 డిగ్రీల దగ్గర బ్రాడీపేట ఆయనకి ఇంకా ఎక్కువే అనిపిస్తుంది. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం.

సూర్యారావుపేట
నేనూ ఒకసారి దీనికి తక్కువే వేశాను. అంత ముదురు రంగులో ఉండి కాఫీ వాసన లేదేంటని. మాడ్చిన గింజలతో చేసే నల్ల బీరు స్టౌట్‌తో పోల్చాను, అది నా తప్పు. ఇందులో మాడ్చిన గింజల రుచి వెతకకూడదని తర్వాత తెలిసింది.

బ్రాడీపేట 4వ లైన్
నిన్న మళ్లీ పటమట వెళ్లాను. ఈసారి ఒకే సీసా, ఒకే గ్లాసు, కేకుల కోసం కొన్న థర్మామీటర్ పక్కన పెట్టుకుని మూడుసార్లు మార్కులు వేశాను. అడుగున మడ్డి గ్లాసులో పడకుండా చివరి రెండు గుక్కలు సీసాలోనే వదిలేశాం. పోయినసారి నేను అది కూడా పోసేసుకున్నాను, అందుకే అంత మసకగా ఉంది.

5 డిగ్రీల దగ్గర 28. 11 దగ్గర 35. ఫోన్ వచ్చి లేచి వెళ్లి వచ్చేసరికి 20 దాటింది, అప్పుడు 30. ఆ చివరిసారి గొంతులో ఆల్కహాల్ మంట, తీపి రెండూ కలిసి ముందుకొచ్చాయి.

వాసన విషయంలో ఒప్పుకుంటున్నాను. 5 దగ్గర 12కి 5 వేసిన నేనే 11 దగ్గర 10 వేశాను. నాకు తాటిబెల్లం కన్నా ఎండు ఖర్జూరం అనిపించింది. రుచికి మాత్రం 20కి 13 దాటలేదు. తీపి నిజంగానే ఎక్కువగా ఉంది, అది నా నాలుక చెప్పే మాట. 39కి నేను రాను.

ఇకనుంచి మార్కుల పక్కన డిగ్రీలు కూడా రాయండి. చల్లగా తాగినవాళ్లు తాగినట్టే రాయొచ్చు, దాచకుండా ఉంటే చాలు.

పటమటవాసి
డిగ్రీలు రాయడానికి నేను సరే. కానీ 5 డిగ్రీల మార్కుల్నీ 11 డిగ్రీల మార్కుల్నీ కలిపి సగటు తీస్తే మాత్రం ఒప్పుకోను. అవి రెండు వేరే పట్టికల్లో ఉండాలి. ఇంకా మూడు సీసాలు ఉన్నాయి. తీపి ఇష్టపడని వాళ్లు ఇంకెవరైనా ఉంటే వచ్చే ఆదివారం రండి, అప్పుడు ఆ 13 ఒక్కడి నాలుకదో కాదో తేలుతుంది.